మన గోడ మీద ఎవరి అడవి?

నేను పనిచేసే ఆశ్రమ పాఠశాలకు రెండేళ్ళ కింద రంగులు వేశారు. లోపలి గదులకు లేత గులాబీ రంగు, బయటి ప్రహరీకి ఎర్రమట్టి రంగు, దాని మీద తెల్లటి బొమ్మలు. రెండు ముక్కోణాలు కొసలు కలిపితే ఒళ్ళు, ఒక సున్నా చుడితే తల, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. అందరూ చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు. మధ్యలో ఒకాయన పొడుగాటి బూర ఊదుతున్నాడు. వేసినవాళ్ళు పట్నం నుంచి వచ్చారు. మూడు రోజుల్లో వేసి, కాంట్రాక్టరు దగ్గర కూలి తీసుకుని పోయారు. నాలుగో తరగతి పిల్లవాడొకడు గోడ ముందు చాలాసేపు నిలబడి, వచ్చి నన్ను అడిగాడు: "సార్, వీళ్ళు ఏ ఊరోళ్ళు?"

జవాబు చెప్పడానికి నేను మహారాష్ట్ర పటం తీయాల్సి వచ్చింది. అది వార్లీ బొమ్మ. ఠాణే, పాల్ఘర్ వైపు కొండల్లో ఉండే వార్లీలది. పెళ్ళి ఇంట్లో గోడకు ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్ళతో ఆడవాళ్ళు చౌకం గీసి, అందులో పాలఘాట్ అమ్మను నిలబెడతారు. ఆ బొమ్మ లేనిదే పెళ్ళి తంతు నడవదు. జివ్యా సోమా మాషే 1970లలో ఆ గీతను పెళ్ళి గోడ మీది నుంచి కాగితం మీదికి తెచ్చాడు. చేపల వల, చీమల బారు, వరి పొలం, ఇలా తాను చూసినదంతా వేశాడు. 2011లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2018లో కన్నుమూశాడు. ఆయన వేసిన వలల బొమ్మల్లో ఒక్కటి చూసినా చాలు, ఒక్కో కన్నూ చేత్తో అల్లినట్టే ఉంటుంది. వల అల్లడం చూసిన చెయ్యి అది. మా ప్రహరీ మీద ఉన్నది ఆ చెయ్యి కాదు, దాని అచ్చు. మధ్యలో ఊదుతున్న బూరను తార్పా అంటారని వేసినవాళ్ళకు తెలియదు. నేను అడిగి చూశాను. మా పిల్లలకు తెలిసింది దండారిలో పెప్రె ఊదడం, పర్ర, గుమేల కొట్టడం. అవి ఆ గోడ మీద లేవు.

ఆదివాసి అనగానే ఒకే బొమ్మ వేస్తే సరిపోతుందనుకునే పట్నం వాళ్ళ సంగతి కొత్తది కాదు. దాని గురించే అయితే ఈ వ్యాసం అవసరం లేదు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తరువాత జరిగింది. నిరుడు వేసవిలో మా వైపు పిల్లలకు పది రోజుల చిత్రకళ శిబిరం పెట్టారు. నేర్పింది "గోండు పెయింటింగ్". సెల్‌ఫోన్‌లో చూపించి నేర్పారు. జింక, దాని కొమ్ములు చెట్టు కొమ్మలై పైకి పోవడం, కొమ్మల మీద పిట్టలు, ఒళ్ళంతా చుక్కలు. నేర్చుకున్నది గోండు పిల్లలే. చక్కగా వేశారు కూడా. ముప్పై మంది పిల్లలు, ముప్పై జింకలు. ఆ ముప్పై బొమ్మలు ఒక వరసలో తగిలించి ఉంటే చూస్తూ, సంతోషించాల్సిన చోట నాకెందుకు కడుపులో దేవినట్టయిందో ఆలోచిస్తే మొదలైంది ఈ రాత.

ఆ జింక ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. మధ్యప్రదేశ్‌లో, నర్మద పుట్టే అమర్‌కంటక్‌కు అంత దూరం కాని దిండోరి జిల్లాలో పాటన్‌గఢ్ అనే ఊరుంది. పర్ధానుల ఊరు. వెరియర్ ఎల్విన్ కొంతకాలం ఉన్న ఊరు కూడా అదే. అక్కడి పర్ధానులు గోండుల కథకులు. బానా అనే మూడు తీగల వాయిద్యం పట్టుకుని, తమకు కట్టుబడ్డ గోండు ఇళ్ళకు కొన్నేళ్ళకోసారి పోయి, వాళ్ళ వంశాల కథలు, బడాదేవ్ కథలు పాడేవారు. గింజలో, పశువో, బట్టో తెచ్చుకునేవారు. మనకు ఇది కొత్త సంగతి కాదు. ఆదిలాబాద్ గోండులకు పర్ధానులు, తోటీలు చేసే పని అదే. మన దగ్గర ఆ వాయిద్యం పేరు కిక్రి. మన పర్ధానుల ఇంటి మాట మరాఠీ, పాడేది మాత్రం గోండీలో. ఇంకొకరి జ్ఞాపకాన్ని ఇంకొకరి భాషలో తరతరాలు మోసుకొచ్చినవాళ్ళు.

పాటన్‌గఢ్‌లో పాట వినేవాళ్ళు తగ్గారు, ఇచ్చేవాళ్ళు తగ్గారు. బానా పట్టిన చేతులు కూలికి పోయాయి. 1981లో చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్, భోపాల్‌లో కట్టబోయే భారత్ భవన్ కోసం పల్లెల్లో బొమ్మలు వెతకడానికి మనుషులను పంపాడు. వాళ్ళకు ఒక ఇంటి గోడ మీద బొమ్మ కనపడింది. వేసింది ఇరవై ఏళ్ళ కుర్రవాడు, జన్‌గఢ్ సింగ్ శ్యామ్. అతన్ని భోపాల్ తీసుకొచ్చారు. 1982లో భారత్ భవన్ తెరిచేనాటికి అతని బొమ్మలు అక్కడున్నాయి. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు పోయాయి. భోపాల్‌లో చార్లెస్ కొరియా కట్టిన శాసనసభ భవనం గోడల మీదికీ ఎక్కాయి. అతని వెనక పాటన్‌గఢ్ నుంచి తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు, వాళ్ళ భార్యలు వచ్చి కుంచె పట్టారు. ఇవాళ ప్రపంచం "గోండు పెయింటింగ్" అంటున్నది ఇదే. నిజానికి ఒక ఊరి పర్ధానుల పని, అందులోనూ ఒక మనిషి మొదలుపెట్టిన పని. తెలిసినవాళ్ళు దాన్ని జన్‌గఢ్ కలం అంటారు. నా లెక్కలో అదే సరైన పేరు.

జన్‌గఢ్ బొమ్మలో మొదట గమనించవలసింది, అందులో లేనిది. నేల గీత లేదు. ఆకాశం లేదు. దూరం లేదు. మనం బడిలో పిల్లలతో వేయించే "సీనరీ" గుర్తు చేసుకోండి. రెండు ముక్కోణపు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి పాము లాగా నది, పక్కన పెంకుటిల్లు, ఒక కొబ్బరి చెట్టు. ఉట్నూరు పిల్లవాడికి కొబ్బరి చెట్టుతో ఏం పని? ఏటూరునాగారం పిల్లదీ అదే కొబ్బరి చెట్టు, పాడేరు పిల్లదీ అదే. ఆ బొమ్మలో కొండలు ఎప్పుడూ దూరంగానే ఉంటాయి, ఎందుకంటే దాన్ని వేసినవాడు ఎక్కడో బయట, బంగళా వరండాలో నిలబడి చూస్తున్నాడు. కొండ మీద ఉండేవాడికి కొండ ముక్కోణంలా కనపడదు. ఎక్కే దారి, కట్టెలు దొరికే పక్క, ఎలుగుబంటి తిరిగే పక్క, నీళ్ళు ఊరే చోటు, అలా కనపడుతుంది. జన్‌గఢ్ కాగితంలో జంతువు, చెట్టు, దేవుడు తెల్లటి ఖాళీలో నిలబడి ఉంటాయి, వెనక అడవి ఉండదు. అడవి ఆ ఒంటి లోపలే ఉంటుంది. కొమ్ము చెట్టవడం అలంకారం కోసం కాదు. వాటిని విడివిడిగా చూడటం నేర్వని కన్ను అది. పైగా ఇదంతా అతను భోపాల్ నగరంలో, అద్దె గదుల మధ్య కూర్చుని వేశాడు. ఎదురుగా అడవి లేదు. గుర్తున్నంత మేరకే వేశాడు. మనకు గుర్తుండేవి ఎప్పుడూ వెనకటి దృశ్యం లేకుండానే గుర్తుంటాయి. అమ్మ ముఖం తలచుకుంటే వెనక ఉన్న గోడ గుర్తుకు రాదు కదా.

ఇక చుక్కలు. పిల్లలు నేర్చుకున్నది వాటినే కాబట్టి కాస్త ఎక్కువ చెప్పాలి. జన్‌గఢ్ ఆకారం గీసి, దాని లోపల వరసలు వరసలుగా చుక్కలు, చిన్న గీతలు నింపాడు. అవి ఆడవాళ్ళ పచ్చబొట్ల నుంచి వచ్చాయని కొందరు, ఇంటి ముందరా గోడల మీదా వేసే డిగ్నా ముగ్గుల నుంచి వచ్చాయని కొందరు, బానా తీగ అదిరినట్టు ఉంటాయని మరికొందరు రాశారు. మూడూ కావచ్చు. అతని తరువాత వచ్చినవాళ్ళు మాత్రం అతని చుక్కలను అలాగే తీసుకోలేదు. వెంకట్ రామన్ సింగ్ శ్యామ్ నింపే తీరు వేరు, భజ్జు శ్యామ్ తీరు వేరు, దుర్గాబాయి వ్యామ్ తీరు వేరు. ఒకరిది గొలుసులాగా, ఒకరిది విత్తనాల్లాగా, ఒకరిది డిగ్నా మలుపుల్లాగా. తెలిసినవాడు కింద పేరు చూడకుండానే ఎవరి బొమ్మో చెబుతాడు. అంటే ఆ నింపుడు వాళ్ళ సంతకం. మరి మన ముప్పై మంది పిల్లలు వేసింది? ముప్పై కాగితాల మీద ఒకే మనిషి సంతకం. అదీ తమది కాని మనిషిది.

భజ్జు శ్యామ్ సంగతి యువకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఊళ్ళో పని లేక భోపాల్ వచ్చి చిన్నా చితకా పనులు చేసి, తరువాత బంధువైన జన్‌గఢ్ దగ్గర కుంచె పట్టాడు. లండన్‌లో ఒక భారతీయ హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి రెండు నెలలు పోయి వచ్చాడు. ఆ ప్రయాణాన్ని బొమ్మలుగా వేస్తే, 2004లో చెన్నైలోని తారా బుక్స్ 'ది లండన్ జంగిల్ బుక్' పేరుతో పుస్తకం వేసింది. విమానం రెక్కలొచ్చిన ఏనుగైంది. అంత బరువు గాలిలోకి లేవడం ఏనుగు ఎగిరినంత వింత కాబట్టి. లండన్ గడియారపు గోపురం కోడిపుంజుతో కలిసిపోయింది, రెండూ వేళ చెప్పేవే. తనను రోజూ పనికి తీసుకుపోయి తీసుకొచ్చిన 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్కైంది. భూమి కింద పోయే రైలు వానపామైంది. చీకటి పడ్డాక బయటికొచ్చి తాగుడు అంగళ్ళ చుట్టూ చేరే తెల్లవాళ్ళు గబ్బిలాలయ్యారు.

ఈ పుస్తకంలో నాకు నచ్చింది తమాషా కాదు. తమాషా ఉంది, నవ్వొస్తుంది. కానీ గమనించండి, ఇందులో ఒక్క జింకా అడవిలో లేదు. భజ్జు తన ఊరి కొండలను వేయలేదు, ఆ కొండలు తనకిచ్చిన చూపుతో పరాయి నగరాన్ని వేశాడు. ఎల్విన్ ఇంగ్లండు నుంచి వచ్చి పాటన్‌గఢ్ మనుషుల గురించి రాశాడు. ఆ ఊరి కుర్రవాడు ఇంగ్లండు పోయి అక్కడి మనుషులు ఎలా ఉంటారో మనకు చెప్పాడు. లెక్క సరిపోయింది. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవ్వకపోయినా ఆ పుస్తకం నిలిచేదే. హాస్టల్ నుంచి హైదరాబాద్ పోయి, మెట్రో రైలు ఎక్కి, ఇంటికొచ్చి తాతకు ఎలా చెప్పాలో తెలియని మన పిల్లవాడికి ఇందులో ఒక దారి ఉంది.

దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ కలిసి బొమ్మలు వేసిన 'భీమాయన' 2011లో వచ్చింది. అంబేడ్కర్ జీవితం. బొమ్మల కథల పుస్తకాల్లో ఉండే గళ్ళు ఇందులో లేవు. మనుషులను డబ్బాల్లో పెట్టడం తమ పద్ధతి కాదని వాళ్ళు ఒప్పుకోలేదు. డిగ్నా గీతలే పేజీని పంచుకుంటూ పోతాయి. మెత్తని మాట పిట్ట ఆకారంలో వస్తుంది, కులం విషం నిండిన మాట తేలు కొండితో వస్తుంది, మనసులోని ఆలోచనకు ఒక కన్ను ఉంటుంది. గుక్కెడు నీళ్ళు దొరకని బడి పిల్లవాడి కథ చెప్పడానికి పాటన్‌గఢ్ గోడ గీత పనికొచ్చింది. దళితుల కథ ఆదివాసి చేతి గీతలో వచ్చిందని మీటింగుల్లో చెబుతుంటారు, అది నిజమే. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచింది ఆ తేలు. తేలు కుట్టిన బాధ తెలిసిన ఊరి మనుషులు వేసిన తేలు అది.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. జన్‌గఢ్ 2001 జూలైలో, జపాన్‌లో ఒక మ్యూజియంలో బొమ్మలు వేయడానికి పోయి, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభై ఏళ్ళు. తొమ్మిదేళ్ళ తరువాత, 2010లో, అతను 1988లో వేసిన సాలెపురుగు బొమ్మ న్యూయార్క్ వేలంలో 31,250 డాలర్లకు పోయింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి వదిలేస్తాను. ఇవాళ మేళాల్లో దొరికే జింకలు, నెమళ్ళలో చాలావాటిలో జన్‌గఢ్ వెతుకులాట లేదు, అలవాటు మాత్రం మిగిలింది. కొనేవాడికి జింకే కావాలి. వేసేవాడికి బియ్యం కావాలి. అతన్ని తప్పుపట్టే హక్కు నెలజీతం తీసుకునే నాకు లేదు. కానీ బొమ్మ బాగుందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు చెప్పడానికి వెనకాడకూడదు.

ఇంకో చిక్కు ఉంది. జన్‌గఢ్ దేవుళ్ళకు రూపం ఇచ్చాడు. అక్కడ బడాదేవ్ ఉండేది సాజా చెట్టులో, అంటే మన నల్లమద్దిలో. పాటలో ఉన్నాడు, చెట్టులో ఉన్నాడు, బానాలో ఉన్నాడు, ముఖం మాత్రం లేదు. జన్‌గఢ్ ముఖం పెట్టాడు. అది సాహసమని భోపాల్‌లో మెచ్చుకున్నారు. మన దగ్గర పెర్సా పెన్‌కు ముఖం లేదు. ఈటె మొన, చవురి, అంతే. వాటినీ ఊళ్ళో పెట్టరు, పండుగనాడే తీస్తారు. శిబిరంలో ఒక పిల్లవాడు పెర్సా పెన్ వేస్తానంటే మా ఊరి పెద్దాయన ఒకరు "వేసి ఎవరికి చూపిస్తావురా?" అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు, నిజంగానే అడిగాడు. సవరల గోడ బొమ్మల దగ్గరా ఇదే ప్రశ్న. ఎర్రటి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఆ చౌకం చనిపోయినవాళ్ళకు, దేవుళ్ళకు కట్టి ఇచ్చే ఇల్లు. ఎల్విన్ 1951లోనే వాటి గురించి వివరంగా రాశాడు. ఆ చౌకం ఇవాళ చేతిసంచీల మీద ఉంది. సంచీ అమ్ముకోవడం తప్పనను. ఇల్లు వేరు, సంచీ వేరు అన్న సంగతి వేసే పిల్లకు తెలిసి ఉండాలంటాను. తెలిసి వేస్తే తానే ఒక గీత గీసుకుంటుంది, ఎక్కడి వరకూ వేయాలో.

మన తెలుగు చిత్రకారుల్లోనూ ఊరి జ్ఞాపకం మీద బతికిన పెద్దలున్నారు. కాపు రాజయ్య సిద్దిపేటను వదలకుండా బోనాలు, గొల్లలు, పల్లె ఆడవాళ్ళను వేశాడు. తోట వైకుంఠం బూరుగుపల్లి నుంచి హైదరాబాద్, బరోడా పోయి, తిరిగి ఆ ఊరి ఆడవాళ్ళ దగ్గరికే వచ్చాడు. ఆయన బొమ్మల్లో చెట్టు, చేను దాదాపు కనపడవు. పెద్ద బొట్టు, చీర ఎరుపు, నల్లటి ఒంటి నునుపు, వాటిలోనే తెలంగాణ నేల అంతా ఉంటుంది. కానీ వీళ్ళ ఊరు మన గూడెం కాదు. వాళ్ళ నుంచి పట్టుదల నేర్చుకోవచ్చు, బొమ్మ నేర్చుకోలేం.

మరి మనకేముంది? ఉన్నవి ఎక్కువే. కోయ డోలీలు గట్టుల చరిత్ర పాడేటప్పుడు ఎదురుగా నిలిపే పడిగెలున్నాయి. ముక్కోణపు గుడ్డ మీద వంశం పుట్టుక నుంచి బొమ్మలు. ఆ పాట తెలిసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయాడు. ఎన్ని పడిగెలు చదవగలిగేవాడో, అంత చరిత్ర ఆయనతో పోయింది. నాయకపోడుల కర్ర ముఖాలున్నాయి. ఓజాల ఇత్తడి పోత ఉంది. 2018లో ఆదిలాబాద్ డోక్రాగా దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుస్సాడీల నెమలీకల టోపీ ఉంది, ఒంటి మీద బూడిద చారలున్నాయి. ఆ చారలూ బొమ్మే, కాగితానికి బదులు చర్మం. వీటిలో ఏదీ శిబిరంలో నేర్పలేదు. నేర్పేవాళ్ళు మన ఊళ్ళల్లోనే ఉన్నారు, వాళ్ళకు సర్టిఫికెట్లు లేవు. 1943 నాటికే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఎనభై ఏళ్ళు దాటాక కూడా మన పిల్లలకు మన బొమ్మ సెల్‌ఫోన్ నుంచి నేర్పుతున్నాం. ఇందులో ఉపాధ్యాయులుగా మన తప్పు కూడా ఉంది. నేనూ ఇన్నేళ్ళు కొబ్బరి చెట్టు వేయించినవాణ్ణే.

ఈ ఏడు ఒక పని చేసి చూశాను. ఆరో తరగతి వాళ్ళకు కాగితాలిచ్చి, "సీనరీ వద్దు, జింక వద్దు, మీ ఇంటి నుంచి బడికి వచ్చే దారి వేయండి" అన్నాను. మొదట ఎవరూ పెన్సిలు కదపలేదు. దారికి కొండలు ఎక్కడ పెట్టాలని ఒకడు అడిగాడు. కొందరు మళ్ళీ ముక్కోణాలే వేశారు. ఒకమ్మాయికి ఒక కాగితం చాలలేదు. ఇంకోటి అడిగింది, ఇంకోటి అడిగింది. నాలుగు కాగితాలు అంటించి పొడుగ్గా వేసింది. నాగోబా జాతరకు ముందు మెస్రం వాళ్ళు ఝారి పట్టుకుని గోదావరి నీళ్ళకు నడిచే దారి గురించి పెద్దలు ఊరూరూ పేరు పెట్టి చెబుతారే, అలా ఉంది. వాళ్ళ అవ్వ బుట్టతో కూర్చునే ఇప్పచెట్టు. వానాకాలం బస్సు ఆగిపోయే వాగు, వాగు ఇవతల ఆగిపోయిన బస్సు. తేనెతుట్టె ఉన్న బండ. అటవీశాఖ వాళ్ళు కొత్తగా వేసిన ముళ్ళకంచె, దాని కింద నుంచి దూరే సందు. ఇంటి దగ్గర దారి గీత లావుగా ఉంది, బడి దగ్గరికొచ్చేసరికి సన్నబడింది. ఎందుకంటే చెప్పలేదు.

దారి మధ్యలో ఒకచోట ఏమీ లేదు. అరచేయంత తెల్లటి ఖాళీ, చుట్టూ చెట్లు. వేయడం మరిచిపోయిందేమో అనుకుని అడిగాను.

"పెన్ ఉండే చోటు సార్. అక్కడ వెయ్యొద్దు."

ఆ నాలుగు కాగితాలు ఇప్పుడు స్టాఫ్ రూములో బీరువా మీద చుట్టి పెట్టాను. ప్రహరీ గోడకు పొడవు సరిపోతుంది, ఎత్తు చూసుకోవాలి. ఈ వానలకు ఎర్రరంగు అప్పుడే పెచ్చులు లేస్తోంది. బూర ఊదే ఆయన కాళ్ళు సగం రాలిపోయాయి.